రెండో నంబరు

స్కూల్లో ఏటా ఒక ఫారం ఇస్తారు. అర్జెంటుగా ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో రాయడానికి అందులో రెండు గళ్లుంటాయి. పోయిన ఏడాది అది నింపుతుంటే మా పెద్దది వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. దానికి అప్పుడు ఎనిమిదేళ్లు. మొదటి గడిలో నా నంబరు రాశాను. రెండో గడి దగ్గర పెన్ను ఆగింది.

"రెండోది ఎవరిది నాన్నా?"

"నాదే, ఆఫీసు నంబరు రాస్తాలే."

"నీకే ఏమైనా అయితే?"

నేను మాట్లాడలేదు. ఆఫీసు నంబరు రాసేసి ఫారం మడిచి దాని బ్యాగులో పెట్టాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అప్పటికి నాకు ఒంట్లో బాగా లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఒక విధంగా నాకూ తెలియదు.

నా భార్య పోయి నాలుగేళ్లయింది. అప్పుడు పెద్దదానికి ఐదేళ్లు, చిన్నోడికి పద్నాలుగు నెలలు. పిల్లల్ని ఒంటి చేత్తో ఎలా పెంచాలో నేను మెల్లగా నేర్చుకున్నాను. వాళ్ల టీకాల తేదీలు, బరువు, ఎత్తు, ఏ మందు పడదో, ఏ దగ్గుకు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలో అన్నీ ఒక ఫైల్లో రాసి పెట్టాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నా బీపీ ఎంతో చెప్పమంటే మాత్రం చెప్పలేకపోయేవాణ్ణి. నన్ను నేను ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నానో కూడా గుర్తులేదు. పన్ను నొప్పి ఎనిమిది నెలలు ఓర్చుకుని, రూట్ కెనాల్ దాకా తెచ్చుకున్నాను. సెలవులన్నీ పిల్లల జ్వరాలకే సరిపోయేవి.

ఒళ్లు మొదట మొరాయించింది చేతి దగ్గర. చిన్నోణ్ణి ఎత్తుకునేటప్పుడు కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన, సూది గుచ్చినట్టు నొప్పి వచ్చేది. కొన్నాళ్లకు సీసా మూత తిప్పడం కష్టమైంది. తాళం తిప్పడం కష్టమైంది. వాడి చొక్కా గుండీలు పెట్టడానికి ఎడమ చెయ్యి అలవాటు చేసుకున్నాను. ఎక్కడో బెణికి ఉంటుందిలే అనుకుని ఐదారు నెలలు గడిపేశాను. చివరికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే, బొటనవేలిని లోపలికి మడిచి, దాని మీద నాలుగు వేళ్లూ మూసి, పిడికిలిని చిటికెన వేలి వైపు వంచమన్నారు. వంచగానే ప్రాణం పోయినంత పనైంది. "ఇంట్లో పసిపిల్లలున్నారా?" అని అడిగారు. ఉన్నారన్నాను. "తల్లులకు ఎక్కువగా వస్తుంది ఇది" అన్నారు.

దాని పేరు డీ క్వెర్వేన్. 1895లో దీని గురించి రాసిన స్విట్జర్లాండ్ సర్జన్ పేరే దీనికి పెట్టారు. బొటనవేలిని కదిపే టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి, మణికట్టు దగ్గర ఒక ఇరుకైన గొట్టం లాంటి పొరలోంచి వెళ్తాయి. పిల్లల్ని చంకల కింద చేతులు పెట్టి, బొటనవేళ్లు పైకి చాచి, రోజుకు ఇన్నిసార్లని లేకుండా ఎత్తుతుంటే ఆ పొర మందమై టెండన్లు ఒరుసుకుంటాయి. బొటనవేలు కదలకుండా ఒక స్ప్లింట్ ఇచ్చారు. ఎత్తే పద్ధతి కూడా మార్చమన్నారు. అరచేతులు పైకి పెట్టి, ఒక చెయ్యి పిరుదుల కిందా ఒక చెయ్యి వీపు కిందా పోనిచ్చి, బరువు ముంజేతుల మీద పడేలా ఎత్తాలి. ఆరు వారాల్లో చాలావరకు తగ్గింది. పిల్లల్ని ఎత్తుకునే తండ్రులకు ఈ ఒక్క విషయం ముందే ఎవరైనా చెబితే ఎంత బాగుండును! నాకు పసిబిడ్డను ఎత్తుకోవడం ఎవరూ నేర్పలేదు. తల ఎలా పట్టుకోవాలో చెప్పారు గానీ, నా చెయ్యి ఎలా కాపాడుకోవాలో చెప్పలేదు.

చెయ్యి బాగుపడింది. నిద్ర మాత్రం బాగుపడలేదు.

నా భార్య ఉన్నప్పుడు నేను మొద్దునిద్ర పోయేవాణ్ణి. పిల్ల ఏడ్చినా లేచేవాణ్ణి కాదని తను విసుక్కునేది. తను పోయాక మూడు నాలుగు నెలల్లోనే, చిన్నోడు పక్క మీద ఒత్తిగిల్లినా నాకు మెలకువ వచ్చేయడం మొదలైంది. ఇదేమిటా అనుకునేవాణ్ణి. తర్వాత చదివి తెలుసుకున్నాను. 2014లో ఇజ్రాయెల్ పరిశోధకులు మొదటిసారి తల్లిదండ్రులైన 89 మంది మీద ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్ల పిల్లల వీడియోలు చూపిస్తూ మెదడును స్కాన్ చేశారు. పిల్లల బాధ్యత ముఖ్యంగా మోసే తల్లుల్లో అమిగ్డలా అనే భాగం బాగా చురుగ్గా ఉంది. బిడ్డకు ఏమవుతోందోనని నిరంతరం కాపలా కాసే భాగమది. తల్లి పెంపకం చూసుకుంటుంటే తాము సాయం చేసే తండ్రుల్లో అది అంత చురుగ్గా లేదు. కానీ తల్లి లేకుండా తామే పిల్లల్ని పెంచుతున్న తండ్రుల్లో అది తల్లుల్లో ఉన్నంత చురుగ్గా ఉంది. 2011లో ఫిలిప్పీన్స్‌లో 624 మంది మగవాళ్ల మీద చేసిన మరో అధ్యయనం వచ్చింది. తండ్రులైన వాళ్లలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తగ్గింది, రోజుకు మూడు గంటలో అంతకంటే ఎక్కువో పిల్లల పనులు చూసేవాళ్లలో అది ఇంకా తక్కువగా ఉంది.

ఇవి చదివిన రోజు నాకు ఏడుపొచ్చింది. "ఎంతైనా తల్లిలా చూసుకోలేవు కదా" అని ఎంతమంది అన్నారో! చూసుకుంటూ ఉంటే తండ్రి ఒళ్లే అందుకు తగ్గట్టు మారుతుందన్నమాట. అది నాకు కొండంత ధైర్యమిచ్చింది.

అయితే అదే కాపలా నా నిద్రను తినేస్తోంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటే ఒక రాత్రి ఒకరు, ఇంకో రాత్రి ఇంకొకరు లేస్తారు. నాకు వంతులు లేవు. దానికి తోడు, పిల్లలు పడుకున్నాక దొరికే ఆ కాస్త సమయం వదులుకోబుద్ధి కాక ఒంటిగంట దాకా ఫోను చూసేవాణ్ణి. రోజంతా నాకంటూ దొరికేది అదొక్కటే అనిపించేది. పొద్దున ఆరింటికి లేవాలి. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు నిద్ర కావాలంటారు. నాకు మధ్యమధ్య మెలకువలు పోను నాలుగు, నాలుగున్నర గంటలు దక్కేవి. అలా మూడేళ్లు. మామూలుగా నిద్రలో రక్తపోటు పగటికంటే పది శాతం పైగా తగ్గుతుంది. గుండెకూ రక్తనాళాలకూ అదే విశ్రాంతి. నిద్ర ముక్కలు ముక్కలైపోతే అది తగ్గాల్సినంత తగ్గదు. నాకప్పుడు ఇదేమీ తెలియదు. నిలబడే తినడం, పిల్లల కంచాల్లో మిగిలింది పారేయలేక నోట్లో వేసుకోవడం కూడా అలవాటైపోయి, మూడేళ్లలో తొమ్మిది కిలోలు పెరిగాను.

ఒకరోజు చిన్నోడికి దగ్గని మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడకు నా భార్య కూడా తెలుసు. వాడికి మందు రాసి, కళ్లజోడు తీసి నా వంక చూశారు. "మీరెప్పుడు చూపించుకున్నారు?"

"నాకేం లేదండీ."

"చెయ్యి ఇటు పెట్టండి."

158/102.

నా ఒళ్లో కూర్చున్న చిన్నోణ్ణి పక్క కుర్చీలోకి మార్చారు. వీపు ఆనించి, రెండు పాదాలూ నేల మీద పెట్టి, మాట్లాడకుండా ఐదు నిమిషాలు కూర్చోమన్నారు. ఆ ఐదు నిమిషాలు నాకింకా గుర్తున్నాయి. ఏ పనీ చేయకుండా, ఎవరి మాటకూ జవాబు చెప్పకుండా నేను ఐదు నిమిషాలు కూర్చుని ఎన్నాళ్లయిందో. చిన్నోడు కుర్చీలోంచి కాళ్లూపుతూ నన్నే చూస్తున్నాడు. చెయ్యి గుండె ఎత్తులో ఉండేలా బల్ల మీద పెట్టి మళ్లీ చూశారు. 154/100.

ఒక్క రోజు చూసి చెప్పకూడదు, ఇంట్లో వారం రోజులు పొద్దునా సాయంత్రం రెండేసి సార్లు చూసి రాసుకు రమ్మన్నారు. క్లినిక్‌లో అయితే 140/90, ఇంట్లో అయితే 135/85 గీత. నా వారం సగటు 149/96 వచ్చింది. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. చాలామందికి బీపీ అలాగే కిమ్మనకుండా ఉంటుందని, ఏళ్ల తరబడి గుండెనీ కిడ్నీలనీ పాడుచేశాక బయటపడుతుందని ఆవిడే చెప్పారు. రక్తపరీక్షలో, రెండు మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగరు గుమ్మం దాకా వచ్చినట్టే. నాకప్పటికి నలభై నిండలేదు.

ఆ రాత్రి నా దినచర్య మారలేదు. పిల్లలు పడుకున్నాక ఫోన్ తీశాను. కానీ ఆ రోజు వెతికింది వేరు. ఒంటరి తండ్రుల ఆరోగ్యం గురించి ఎవరైనా రాశారేమో చూశాను. కెనడాలో చేసిన ఒక పెద్ద అధ్యయనం దొరికింది. 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పిల్లలున్న 40,490 మందిని సగటున 11 ఏళ్లపాటు గమనించారు. అందులో ఒంటరి తండ్రులు 871 మంది. వయసు, ఆదాయం, అలవాట్లు వంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, భార్యతో కలిసి ఉన్న తండ్రులకంటే ఒంటరి తండ్రులు చనిపోయే అవకాశం దాదాపు రెండు రెట్లు, ఒంటరి తల్లులకంటే దాదాపు రెండున్నర రెట్లు ఉందని తేలింది. ఒంటరి తండ్రులు పండ్లూ కూరగాయలూ తక్కువ తింటున్నారని, మద్యం ఎక్కువ తాగుతున్నారని కూడా కనబడింది.

చదివి గుండె జారిపోయింది. ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు పిల్లల్ని చూస్తూ కూర్చున్నాను. పొద్దున్నే నిదానంగా మళ్లీ చదివాను. వెయ్యి మందిని ఏడాదిపాటు గమనిస్తే చనిపోయినవాళ్లు ఒంటరి తండ్రుల్లో ఆరుగురికి దగ్గర, భార్యతో ఉన్న తండ్రుల్లో ఇద్దరికి దగ్గర. అంటే వెయ్యిలో 990 మందికి పైగా బతికే ఉన్నారు. ఇలాంటి వార్తలు చదివి భయపడే నా లాంటివాళ్లు ఈ లెక్క కూడా చూడాలి. పైగా ఎందుకిలా జరుగుతోందో ఆ అధ్యయనం తేల్చలేదు. ఒత్తిడి, అలవాట్లు, ఆసరా లేకపోవడం కారణాలు కావచ్చని మాత్రమే పరిశోధకులు అన్నారు.

కారణం గురించి నాకొక అభిప్రాయం ఉంది. నా జీవితంలోంచి మాత్రమే చెబుతున్నాను. పిల్లల పని ఎంత ఉన్నా నన్ను దెబ్బతీసింది పని కాదు. నన్ను చూసే మనిషి ఇంట్లో లేకపోవడం. "కళ్లేంటి అలా ఎర్రగా ఉన్నాయి?", "ఆ చెయ్యెందుకు అలా పట్టుకుంటున్నావు?", "రాత్రి గురక పెట్టావు, ఒకసారి చూపించుకో" అని ఆమె అంటూ ఉండేది. విసుక్కుంటూనే వెళ్లేవాణ్ణి. మనకు ఒంట్లో బాగాలేదని మనకంటే ముందు తెలిసేది పక్కనున్నవాళ్లకే. ఆ కళ్లు పోయాక నా మణికట్టు ఆరు నెలలు, నా పన్ను ఎనిమిది నెలలు, నా బీపీ ఎన్నాళ్లో తెలియనంత కాలం అలాగే ఉండిపోయాయి. ఆడవాళ్లు చాలామంది ఒకరికొకరు ఫోన్ చేసుకుని ఇవన్నీ చెప్పుకుంటారు. నేను ఆఫీసులో రోజూ పక్కన కూర్చునేవాడికి కూడా ఒక్క మాట చెప్పలేదు. అడిగితే "బాగానే ఉన్నాం" అనేవాణ్ణి. ఎప్పుడూ బహువచనమే. పిల్లల గురించి అడిగారనుకుని చెప్పే జవాబది.

ఒళ్లే కాదు, మనసు సంగతి కూడా అంతే. నాకు దిగులుగా ఉన్నట్టు అనిపించేది కాదు. కోపం వచ్చేది. ఒక పొద్దున చిన్నోడి బూటు ఒకటి కనబడలేదు. బస్సుకు నాలుగు నిమిషాలుంది. మంచం కింద, తలుపు వెనక వెతికి వెతికి, ఒక్కసారిగా వాడి మీద గట్టిగా అరిచాను. వాడు రెండు చేతులతో చెవులు మూసుకుని గోడకు ఆనుకుపోయాడు. ఏడవలేదు. బూటు నా చేతిసంచిలోనే ఉంది. రాత్రి నేనే పెట్టాను.

వాడి ఆ రెండు చేతులు నన్ను డాక్టరు దగ్గరికి మళ్లీ నడిపించాయి. మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు చిరాకుగా, కోపంగా బయటపడుతుందని ఆవిడ చెప్పారు. తొమ్మిది ప్రశ్నలున్న ఒక కాగితం ఇచ్చారు. గత రెండు వారాల్లో ఎలా ఉన్నారో ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా వేయాలి. పనుల మీద ఆసక్తి, నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత... తొమ్మిదోది చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపిస్తోందా అన్న ప్రశ్న. అక్కడ చాలాసేపు ఆగాను. నాకు అలా అనిపించలేదు. కానీ నాకేమైనా అయితే పిల్లలేమవుతారన్న భయం రోజూ రాత్రి వచ్చేది. అది ఆ ప్రశ్న కాదని తెలిసినా ఆవిడకు చెప్పాను. సున్నా వేశాను. మొత్తం 27కి నాకు 14 వచ్చింది. పది దాటితే పట్టించుకోవాల్సిందేనన్నారు. కౌన్సెలింగ్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. ఆ తొమ్మిదో ప్రశ్న దగ్గర సున్నా వేయలేని తండ్రి ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈరోజే ఒక మనిషికి చెప్పండి. డాక్టరుకు చెప్పండి, అన్నకో అక్కకో చెప్పండి. రేపటి దాకా ఆగొద్దు.

కౌన్సెలింగ్‌లో నేను అన్నిటికంటే కష్టంగా చెప్పిన విషయం ఒకటుంది. బీపీ మాత్రలు మొదలుపెట్టిన కొత్తలో ఒక రాత్రి నాకు సగం మెలకువ వచ్చింది. ముఖం దగ్గర ఏదో ఉన్నట్టు తోచింది. కళ్లు తెరవలేదు. మా పెద్దది నా మంచం పక్కన నిలబడి, చెయ్యి తిరగేసి, వేళ్ల వెనక భాగం నా ముక్కు కింద పెట్టి ఉంచింది. ఊపిరి తగులుతోందో లేదో చూస్తోంది. నేను నిద్రపోతున్నట్టే ఉండి ఊపిరి కాస్త గట్టిగా వదిలాను. చెయ్యి తీసుకుని వెళ్లిపోయింది. తర్వాత గమనిస్తే అది వారంలో రెండు మూడు రాత్రులు అలా వస్తోంది. పగలు "మాత్ర వేసుకున్నావా నాన్నా?" అని రెండుసార్లు అడిగేది. బీపీ పుస్తకంలో అంకెలు తనే రాస్తానని పెన్ను లాక్కునేది. బంధువులు ముచ్చటపడ్డారు, ఎంత బాధ్యతో చూడు అన్నారు. నాకూ మొదట్లో ముచ్చటగానే ఉండేది, నిజం చెప్పాలంటే. నన్ను చూసే మనిషి దొరికినట్టే అనిపించింది.

ఎనిమిదేళ్ల పిల్ల ఆ మనిషి కాకూడదు. అది అమ్మను పోగొట్టుకున్న పిల్ల. నేను మాత్ర మరచిపోతే దాని తప్పయిపోతుంది దాని లెక్కలో. ఆ పుస్తకం మెల్లగా దాని చేతిలోంచి తీసుకున్నాను. కోపంగా కాదు, పక్కన కూర్చోబెట్టుకుని, నా బీపీ చూసుకోవడం నా పనీ, డాక్టరు పనీ అని చెప్పాను. తగ్గుతున్న అంకెలు చూపించాను. మాత్ర పొద్దున పళ్లు తోముకునే బ్రష్షు పక్కన పెట్టుకుంటే మరచిపోవడం లేదు. రాత్రి పదకొండుకు ఫోన్ వంటింట్లో చార్జింగుకు పెట్టేసి వస్తాను. పిల్లలు సాయంత్రం ఆడుకునేంత సేపూ బెంచీ మీద కూర్చోకుండా వాళ్ల చుట్టూ నడుస్తాను. వారానికి 150 నిమిషాల నడక అలా పూర్తవుతోంది. దానికోసం విడిగా గంట ఎక్కణ్ణుంచి తేవాలి నేను? మొన్నటి పరీక్షలో బీపీ 126/80, హెచ్‌బీఏ1సీ 5.8.

స్కూలు గేటు దగ్గర మరో తండ్రి కనబడుతుంటాడు. విడాకులయ్యాయి, ఇద్దరు పిల్లలూ అతని దగ్గరే ఉంటారు. ఏడాదిన్నరపాటు తలూపి నవ్వుకోవడం తప్ప మాట్లాడుకోలేదు. ఒకరోజు అతను ఎడమ చేత్తో కూతురి బ్యాగు ఎత్తుకుంటూ కుడి మణికట్టు ఒత్తుకోవడం చూసి, అది ఎక్కడ నొప్పో అడిగాను. బొటనవేలు మడిచి వంచి చూడమన్నాను. అలా మొదలైంది. ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి ఒకరికొకరం ఫోన్ చేసుకుంటాం. పిల్లల కబుర్లు తర్వాత. ముందు ఎన్ని గంటలు పడుకున్నావు, ఏమైనా నొప్పి ఉందా, ఎవరిమీదైనా అరిచావా అని అడుగుతాడు. అతనికి అబద్ధం చెప్పడం నాకు చేతకావడం లేదు. పోయిన నెల ఛాతీలో పట్టేసినట్టుందని అతనంటే, పిల్లలు నలుగుర్నీ నా దగ్గర ఉంచుకుని ఆ గంటలోనే పంపించాను. ఈసీజీ బాగానే ఉంది, కండరం నొప్పన్నారు. ఈ ఏడాది ఫారం రెండో గడిలో అతని నంబరు రాశాను. అతని పిల్లల ఫారంలో నాది రాశాడు.

పెద్దది రాత్రులు రావడం తగ్గిపోయింది. పోయిన వారం మాత్రం మళ్లీ తలుపు చప్పుడైంది. కళ్లు మూసుకోకుండా, "ఏరా తల్లీ?" అన్నాను. గుమ్మంలోనే నిలబడి, "దాహం వేసింది" అంది. లేచి నీళ్లిచ్చాను. గ్లాసు ఖాళీ చేసి నా చేతిలో పెట్టి, వెళ్లి పడుకుంది. నిజంగా దాహమే వేసిందో లేదో నాకు తెలియదు.